వెనక్కి ఒక్కసారే

తుఫాను 6వ రోజు

తుఫాను తగ్గేవరకూ కెంపుపేటలో ప్రతి ఒక్కరూ రోజూ కాస్త రాసుకోవాలని డాక్టరు గారు ఉత్తర్వు ఇచ్చారు. నెలల తరబడి మూసిన గదుల్లో ఉండేవాళ్ళకు మనసు చెదరకుండా ఉంటుందట. నాకు రాయడం కొత్త కాదు. అయినా మొదటి ఐదు రోజులు ఎగ్గొట్టాను.

నా పేరు దమయంతి. నలభై ఒకటో ఏడు. అంగారకుడి మీద ఈ ఊరికి వచ్చి పదకొండేళ్ళయింది. ఇది నేను చూస్తున్న మూడో పెద్ద తుఫాను. పొద్దున గాలి గొట్టాల దగ్గర వడపోత సంచులు దులుపుతాను. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆటల హాల్లో కూర్చుని వీడియో గేములకు కథలు రాస్తాను. మొదటి పని ఆగితే మూడు వందల పద్దెనిమిది మందికి ఊపిరాడదు. రెండో పని ఆగితే ఏమవుతుందో ఇంకా ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఈ రోజు సంచులు మామూలు కంటే రెట్టింపు బరువున్నాయి. ధూళి కుంకుమంత మెత్తగా ఉంటుంది. ముఖానికి ఎంత గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి కనురెప్పల మీదికి చేరుతుంది. బయట సౌరఫలకాల మీద కూడా ఇదే పేరుకుంటోంది. కరెంటు మూడో వంతు తగ్గింది. స్నానం వారానికి ఒకటి. పప్పు మాత్రం రోజూ ఉంది కాబట్టి ఊరు ఇంకా ప్రశాంతంగానే ఉంది.

తుఫాను 8వ రోజు

మా కొత్త ఆట పేరు 'రేవు'. కథ నాది. దాన్ని తెర మీద నడిపించే పనంతా ఏలియాది. ఏలియా గుంటూరు వైపు నుంచి వచ్చాడు. నాకంటే మూడేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు.

ఆటలో మనం ఒక నది ఒడ్డు ఊరికి కొత్తగా వచ్చిన గుమాస్తా. పొద్దున రేవులో దిగుతాం. టీకొట్టు బంగారమ్మతో, పడవ నడిపే పోలయ్యతో, మంత్రసాని సుభద్రతో పరిచయమవుతుంది. సాయంత్రం గాలి లేస్తుంది. ఆఖరి పడవ పదకొండు మందితో నది మధ్యలో మునిగిపోతుంది. అప్పుడు మన చేతి గడియారం ముల్లు తిప్పితే ఆ రోజులో ఏ నిమిషానికి కావాలంటే ఆ నిమిషానికి వెనక్కి వెళ్ళిపోవచ్చు. పడవను ఊరికే ఆపేస్తే కుదరదు. అవతలి ఒడ్డున ఒక ఇంట్లో కాన్పు కష్టమైంది, సుభద్ర నది దాటి తీరాలి.

ఏ నిమిషానికైనా సరే వెళ్ళగలగడం కోసం ఏలియా మూడేళ్ళు కష్టపడ్డాడు. రేవులో ఎగిరిన ప్రతి కాకీ, ఒలికిన ప్రతి టీ చుక్కా యంత్రానికి గుర్తుంటాయి. వాడికి అది బిడ్డతో సమానం.

చిక్కల్లా ఒకటే. ఇరవై ఆరుగురు ఆట మొదలుపెట్టారు. చివరిదాకా ఆడింది ఇద్దరు. అందులో ఒకడు ఏలియా.

తుఫాను 9వ రోజు

ఈ రోజు రాజమల్లు గారి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కరీంనగర్ మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి నీటి పంపులు నడిపి, మోకాలు సహకరించక మానేశారు. హాలు వెచ్చగా ఉంటుందని రోజూ వస్తారు. మొహమాటం లేకుండా మాట్లాడతారని ఆయన్ని పట్టుకున్నాను.

ఆయన ఆడే తీరు చూస్తుంటే నాకు నీరసం వచ్చింది. బంగారమ్మతో ఒక మాట అంటారు. ఆమె ముఖం ముడుచుకుంటే రెండు నిమిషాలు వెనక్కి తిప్పి ఇంకో మాట అంటారు. పోలయ్య కసిరితే మళ్ళీ తిప్పుతారు. పడవ మునుగుతున్నా కళ్ళలో ఏ కదలికా లేదు. పదిహేడు సార్లు వెనక్కి వెళ్ళి, పదకొండు మందినీ బతికించి, సుభద్రను నది దాటించే ముందర ఆపేసి, టీ తాగడానికి లేచారు. ఇంకొంచెమే ఉంది కదా పెదనాన్నా అన్నాను.

"మునిగితే ఏమైతది బిడ్డా? మల్ల ఎనక్కి పోతగద," అన్నారు.

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

తుఫాను 11వ రోజు

రెండు రోజులు సంచులు దులుపుతూ ఇదే ఆలోచించాను. కాలంలో వెనక్కి వెళ్ళే కథ పుస్తకంలో చదివినా, సినిమాలో చూసినా, వెళ్ళేది ఇంకెవరో. ఆటలో వెళ్ళేది నా బొటనవేలు. ఆ ఒక్క తేడాతోనే ఆటలో ఈ కథ గొప్పగా పండాలి. మరి ఎందుకు పండలేదు?

నాకు తోచింది ఇది. ఆటలాడేవాడికి వెనక్కి వెళ్ళడం కొత్త కాదు. చచ్చిపోతే మళ్ళీ మొదటినుంచి ఆడటం అన్ని ఆటల్లోనూ ఉన్నదే. అది వాడికి పుట్టుకతో వచ్చిన హక్కు లాంటిది. అలాంటివాడి చేతిలో గడియారం పెట్టి, ఇది అద్భుతం అని నేను చెబితే వాడెందుకు నమ్ముతాడు?

ఈ మాటే ఏలియాతో అన్నాను. తిప్పడానికి ఒక హద్దు పెడదామన్నాను. వాడు, కథలో బలం లేకపోతే యంత్రాన్ని ఆడిపోసుకోవడం బాగుందని మెల్లగా అన్నాడు. నేనూ ఊరుకోలేదు. యంత్రం అంత గొప్పదైతే అందులో మనుషులెందుకు, కాకుల్నే పెట్టుకో అన్నాను. వాడు పళ్ళెం తీసుకుని పక్క బల్లకు వెళ్ళి తిన్నాడు. ఏడేళ్ళలో మేం వేరువేరు బల్లల మీద తినడం ఇదే మొదటిసారి.

తుఫాను 15వ రోజు

కరెంటు సగానికి పడిపోయింది. ఫాతిమున్నీసా మేడం ఈ రోజు హాలుకు వచ్చారు. మా ఊరికి కరెంటు పంచేది ఆవిడే. కడప వైపు మనిషి, సన్నగా ఉంటారు, చేతిలో ఎప్పుడూ ఒక పలక ఉంటుంది. ఎవరెవరి గదిలో ఎంత వెచ్చదనమో ఆ పలకలో ఉంటుంది కాబట్టి అందరూ ఆవిడ ముందు కొంచెం వంగి నడుస్తారు.

ఆవిడ చెప్పింది సూటిగా ఉంది. హాల్లో అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది 'రేవు'. ప్రతి నిమిషాన్నీ గుర్తుపెట్టుకునే యంత్రాలకే పంపు గదికి పట్టేంత కరెంటు కావాలి. రేపటినుంచి దానికి నాలుగో వంతు మాత్రమే ఇస్తారు. వంటింటి సింహాద్రమ్మ పుట్టగొడుగులు పెంచడానికి వెచ్చటి గది అడుగుతోంది. పదహారు రోజుల్లో, అంటే ముప్ఫై ఒకటో రోజు సమావేశంలోగా, ఈ హాలు జనానికి నిజంగా పనికొస్తుందని కనబడకపోతే ఇది పుట్టగొడుగుల గది అవుతుంది.

నేను పోయినసారి తుఫాను సంగతి గుర్తుచేశాను. అప్పుడు ఈ హాలు లేదు. జనం గదుల్లో ఒంటరిగా కూర్చుని, గోడల అవతలి గాలి చప్పుడు వింటూ, ఆఖరికి నీళ్ళ క్యూలో కొట్టుకున్నారు. ఆవిడ కాదనలేదు. "నాకూ గుర్తుంది దమయంతీ. కానీ ఇప్పుడు ఈడికి ఎవరొస్తా ఉండారు? రాజమల్లు గారు, అదీ చలికి," అన్నారు.

ఏలియా లెక్క వేసి చూశాడు. ఆ కరెంటుతో యంత్రం ఒకే ఒక్క క్షణాన్ని దాచుకోగలదు. ఒక్క క్షణమంటే ఒక్కసారే వెనక్కి, వెళ్ళగానే ఆ దాచుకున్నది చెరిగిపోతుంది. అలా కుంటిదాన్ని చేసి నడపడం కంటే ఆపేయడం మేలని చెప్పి, వాడు పంపుల దగ్గర పనికి పేరిచ్చేశాడు.

తుఫాను 18వ రోజు

పంపు గదికి వెళ్ళాను. ఏలియా ఒక గొట్టం కింద పడుకుని మర బిగిస్తున్నాడు. ముందు కాకుల మాటకు క్షమించమన్నాను. ఆ కాకులు చాలా బాగుంటాయి, నిజంగానే బాగుంటాయి. వాడు గొట్టం కిందనుంచే నవ్వాడు.

తర్వాత అడిగాను. ఒక్క క్షణమే దాచగలిగితే ఏ క్షణం దాస్తావు? వాడు బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దున్నే, అక్కా. రేవులో కాలు పెట్టేది. అంతకంటే ముందు ఏం లేదు, ఆ తర్వాత ఏది దాచినా అన్యాయమే."

"అయితే ఒక్కసారి తిప్పితే రోజు మొత్తం పోతుంది."

"పోద్ది. దాన్ని ఆటంటారా అని అడుగుతున్నాను."

నాకూ తెలియదన్నాను. తెలియకుండానే పదిరోజులు చూద్దామన్నాను. తుఫాను పోయాక మళ్ళీ పాత పద్ధతే పెడతానని నా దగ్గర మాట తీసుకుని, వాడు నాతో కలిసి భోజనానికి వచ్చాడు.

తుఫాను 21వ రోజు

ఈ రోజు జరిగింది వివరంగా రాస్తాను.

రాజమల్లు గారిని మళ్ళీ కూర్చోబెట్టాం. కరెంటు తక్కువ కాబట్టి మనిషికి ఒకే ఆట, దానికీ గడువుందనీ, ఒక్కసారే వెనక్కి అనీ ముందే చెప్పాం. ఆయన మునుపు ఆడిన మనిషిలా లేరు. బంగారమ్మతో మాట అనే ముందు ఆగి ఆలోచించారు. ఆమె కసురుకుంటే వెనక్కి తిప్పలేరు కాబట్టి ఎలాగోలా సర్దుకున్నారు, బల్ల తుడవడానికి సాయం చేశారు. ఆటలో ఎండ ఎక్కేసరికి ఆమె ఆయనతో నవ్వులాటలాడటం మొదలుపెట్టింది. పాతికేళ్ళుగా రేవులో టీ అమ్ముతున్నా, నీళ్ళంటే భయమై ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదని గుట్టుగా చెప్పింది. ఆ మాటలు రాసింది నేనే. ఆ మాటలు విని ఎవరో తలాడించడం మాత్రం ఇదే మొదటిసారి చూశాను.

సాయంత్రం పడవ మునిగింది. రాజమల్లు గారు కుర్చీలో ముందుకు జరిగారు. గడియారం మీద బొటనవేలు పెట్టారు. తిప్పలేదు.

"గిప్పుడు ఎనక్కి పోతే ఈమె నన్ను మర్సిపోతది గదా?" అని అడిగారు.

అవునన్నాను.

"మొత్తమా?"

"మొత్తం, పెదనాన్నా."

ఆయన బొటనవేలు అలాగే ఉంది. తెర మీద బంగారమ్మ కొట్టు ముందు నిలబడి నదివైపు చూస్తోంది. ఆయన గడువు అయిపోవచ్చింది. ఏలియా తన గది వంతు కరెంటును ఆ తెరకు మళ్ళించాడు. హాల్లో ఇంకో నలుగురున్నారు, వాళ్ళూ లేచి వచ్చి వెనక నిలబడ్డారు. చివరికి ఆయన తిప్పారు.

పొద్దున. రేవు. టీకొట్టు. ఎవరు బాబూ, కొత్తగా ఉన్నావు అంది బంగారమ్మ. రాజమల్లు గారు పెద్దగా నవ్వేశారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆయన ఆడిన తీరు చూడాలి. ఆమె ఏ మాటకు నవ్వుతుందో ఆయనకు తెలుసు. ఏ మాటకు ముఖం ముడుస్తుందో తెలుసు. ఒక రోజంతా పట్టిన స్నేహాన్ని రెండు గ్లాసుల టీలో సంపాదించారు. ఆమె చెబితే సుభద్ర మధ్యాహ్నం పడవకే అవతలి ఒడ్డుకు వెళ్ళింది. పోలయ్య సాయంత్రం పడవ కట్టేశాడు. గాలి వచ్చి వెళ్ళిపోయింది.

ఆటయ్యాక ఆయన వెంటనే లేవలేదు. ఏం పెదనాన్నా అంటే, "ఏం లేదు. ఆమెకు నేనెవరో ఎర్కలే. నాకు మాత్రం ఆమె మంచిగ ఎర్కె," అన్నారు. బాధగా అనలేదు. కొత్త బట్టలు కట్టుకున్నవాడిలా అన్నారు.

నేను ఏలియా వైపు చూశాను. ముందు కూడా వెనక్కి తిప్పితే బంగారమ్మ మరిచిపోయేది. కాని రెండేసి నిమిషాలే పోయేవి కాబట్టి ఎవరికీ ఏదీ పోయినట్టు లేదు. వెనక్కి వెళ్ళడం అంటే సంపాదించుకున్నది వదులుకోవడం అని నా కథ ఎక్కడా చెప్పలేదు. కరెంటు లేకపోవడం వల్ల దానంతటదే బయటపడింది. ఏలియా ఈ మాట నాతో అంటాడనుకున్నాను. వాడు మాత్రం ఆ నలుగురిలో తర్వాతి వంతు ఎవరిదని అడుగుతున్నాడు.

తుఫాను 25వ రోజు

భోజనశాలలో గొడవ. మంచి గొడవ.

పోలయ్యను ఆపడం తప్పంటారు కొందరు. గాలి వస్తుందని అతనికే చెప్పి నిర్ణయం అతనికి వదలాలట. సుభద్రకు నిజం చెప్పి ఒప్పించాలంటారు కొందరు. ఒకాయన అసలు వెనక్కి వెళ్ళనే లేదట. పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళను చూసుకోవాలని ఆ సాయంత్రం ఒడ్డున ఏడుస్తున్నవాళ్ళ దగ్గరే కూర్చున్నాడట. ఆటలో అలా చేయవచ్చని నాకే గుర్తులేదు. మనసు లేని మనిషని కొందరు, అసలైన మనిషని కొందరు అతని మీద తగువులాడుకున్నారు. సింహాద్రమ్మ గరిట పట్టుకుని నిలబడి, ముందు తినండి, అందరూ తిన్నాక ఆ పడవ సంగతి తేలుద్దామంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "నానూ ఆడతానమ్మా. ఏటి, నాకు రాదేటి?" అని పేరు రాయించుకుంది.

వంతుల పట్టీ పొడవైంది. హాల్లో ఒకరు ఆడుతుంటే పదిమంది వెనక నిలబడి చూస్తున్నారు. ఇంతమంది ఒకచోట చేరితే ఊపిరి పీల్చుకునే గాలికీ వంతులు పెట్టాల్సి వస్తుందేమోనని పొద్దున సంచులు ఇంకొంచెం గట్టిగా దులిపాను.

తుఫాను 29వ రోజు

ఫాతిమున్నీసా మేడం వచ్చి, నేను కూడా చూడాలి కదా అన్నారు. పలక పక్కన పెట్టి కూర్చున్నారు.

ఆవిడ మొదటి పది నిమిషాల్లోనే బంగారమ్మతో తగవు పెట్టుకున్నారు. గ్లాసులు కడిగే తీరు బాగాలేదన్నారు. బంగారమ్మ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేడం రేవంతా తిరిగి వచ్చారు. పోలయ్యతో మాట్లాడబోయి మధ్యలో ఆపి, కొట్టు వైపు చూశారు. బంగారమ్మ ఇంకా లోపలే ఉంది. అప్పుడు, సాయంత్రం ఇంకా చాలా దూరముండగానే, మేడం గడియారం తిప్పేశారు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి.

వెనక నిలబడినవాళ్ళెవరూ నోరు తెరవలేదు. రెండోసారి ఆవిడ టీ తాగి, గ్లాసు బాగుందన్నారు. బంగారమ్మతో రోజంతా కబుర్లాడారు. ఆవిడ తన గదిలోనే తింటారు, భోజనశాల గొడవలేవీ చెవిన పడలేదు కాబట్టి సాయంత్రం ఏమొస్తుందో ఆవిడకు తెలియదు. పడవ మునిగింది. మేడం గడియారం తిప్పారు. ముల్లు కదల్లేదు.

ఆవిడ కుర్చీ మా వైపు తిప్పారు.

"ఇంగొక్కసారి ఇయ్యండి. నాకు తెలీక ముందే వాడేసినా. పదకొండు మంది ఉండారు దాంట్లో," అన్నారు.

ఆవిడ కరెంటు ఇచ్చే మనిషి. రెండు రోజుల్లో ఈ హాలు ఉండాలో వద్దో చెప్పే మనిషి. ఇచ్చేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఏ నిమిషానికైనా వెళ్ళాలని మూడేళ్ళు చెమటోడ్చిన ఏలియా వైపు చూశాను. వాడు లేచి నిలబడ్డాడు.

"లేదు మేడం. ఇస్తే మీరిప్పుడు పడుతున్న బాధ ఉత్తదైపోద్ది," అన్నాడు.

ఆవిడ నావైపు చూశారు. నేను వాడి పక్కకు వెళ్ళి నిలబడ్డాను. అవును మేడం అన్నాను.

ఫాతిమున్నీసా మేడం పలక తీసుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళాక రాజమల్లు గారు మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేశారు. పుట్టగొడుగుల కూర ఎలా వండాలో నేర్చుకోవడం మంచిదని ఏలియా అన్నాడు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఆకలి బాగానే వేసింది.

తుఫాను 31వ రోజు

ఊరి సమావేశం. హాలు సంగతి మూడో అంశం. మేడం లేచి, తాను ఆడానని, ఓడిపోయానని చెప్పారు. ఎందుకు ఓడారని ఎవరో అడిగారు. ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పారు. గ్లాసుల మాట, గడియారం తిప్పడం, సాయంత్రం పడవ, అన్నీ. ఎప్పుడూ అంకెలే చదివే మనిషి అంతసేపు అంకె లేకుండా మాట్లాడటం అందరికీ వింతగా ఉంది.

ఎవరో ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆఖరికి ఆవిడ కూడా నవ్వారు. ఆ తర్వాత ఒకరొకరుగా తాము దేనికి తిప్పేసుకున్నారో చెప్పుకోవడం మొదలైంది. ఒకాయన జారిపడిన చెప్పు కోసం తిప్పాడట. సింహాద్రమ్మ వేలు తగిలి తిప్పేసిందట, ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నిర్ణయం ఇది. హాలు ఉంటుంది. వెనక గోడ పొడవునా పుట్టగొడుగుల అరలు వస్తాయి. హాలుకున్న వెచ్చదనమే అరలకూ సరిపోతుంది కాబట్టి విడిగా కరెంటు అక్కర్లేదు. ఈ ఉపాయం మేడందే. బయటికి వచ్చేటప్పుడు ఏలియాతో, నువ్వు ఇయ్యకుండా మంచి పని చేసినావు, అయినా నాకు ఇంకా కోపంగానే ఉంది అన్నారు.

తుఫాను 58వ రోజు, ఆఖరిది

పొద్దున పైకప్పు కిటికీలో నీడ పడింది. నీడ పడాలంటే ఎండ ఉండాలి. ఆ సంగతి అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

నడవగలిగినవాళ్ళమందరం బయటి దుస్తులు తొడుక్కుని ఫలకాలు తుడవడానికి వెళ్ళాం. ఆకాశం లేత పసుపురంగులో ఉంది. నేనూ ఏలియా ఒకే వరుసలో ఉన్నాం. ఇక కరెంటు పూర్తిగా వస్తుంది, ఒప్పుకున్న ప్రకారం పాత పద్ధతి పెట్టుకోవచ్చని వాడికి చెప్పాను. వాడు తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత, ఆ యంత్రాలతో కాకుల సంఖ్య పెంచుతానన్నాడు. వెనక్కి మాత్రం ఒక్కసారే.

బయట పనిచేసేవాళ్ళందరి మాటలూ ఒకే రేడియోలో వినిపిస్తాయి. దాన్ని పనికి తప్ప వాడకూడదు. ఎక్కడో నాలుగో వరుసలో ఇద్దరు తుడుస్తూ తుడుస్తూ పోలయ్య పడవ విషయం ఎత్తుకున్నారు. గాలి లేవకముందే బయల్దేరి ఉండాల్సిందని ఒకరు, అసలు కట్టేయాల్సిందని ఒకరు. మూడో గొంతు కలిసింది, నాలుగోది కలిసింది. రాజమల్లు గారు లోపల్నుంచే, మోకాలు చాపుకుని కూర్చుని, తన మాట కూడా చెప్పారు.

అప్పుడు ఫాతిమున్నీసా మేడం గొంతు వచ్చింది. అందరూ టక్కున ఆగిపోయారు.

"ఈ రేడియో పనికి మాత్రమే," అన్నారు.

రేడియోలో ఆవిడ ఊపిరి మాత్రం వినబడుతోంది.

"అయినా ఆ పడవను మధ్యాహ్నమే పంపించేసి ఉండాల్సింది," అన్నారు మేడం.

అంతే, అన్ని వరుసలూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. సాయంత్రానికి ఫలకాలన్నీ శుభ్రమయ్యాయి. పడవ సంగతి మాత్రం తేలలేదు.